కుడివైపు జేబులు

నిరుడు ఆగస్టు, రెండో శనివారం. భద్రాచలం. పొద్దుటి నుంచి ముసురు. హాజరైనవారు: చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మేడం, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మా మిత్రుడు, సర్కారు దవాఖానాలో పనిచేసే ఒక నర్సమ్మ, ఆమె తల్లి, నేను.

నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అదే అలవాటు. ముందు తేదీ, తర్వాత ఎవరెవరున్నారో, ఆ పైన విషయం. పేర్లు డైరీలోనే ఉంచుకుంటున్నాను. పాత ఫోటోల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు, ఏదైనా ఒక ఫోటో సంగతి చెప్పమని నన్ను అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పేర్లు లేకపోయినా పని అర్థమవుతుంది.

నేను సర్కారు కొలువులో ఫోటోగ్రాఫరుగా చేశాను. శంకుస్థాపనలు, రిబ్బను కత్తిరింపులు, వరద బాధితులకు దుప్పట్ల పంపిణీ. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని పాత డైరీలు తిరగేస్తుంటే మేడం ఫోన్ చేసింది. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఒకప్పుడున్న సినిమా హాళ్ల చరిత్ర రాయాలి, పుస్తకంతో పాటు ఒక ప్రదర్శన కూడా పెట్టాలి అంది. హాళ్లలో చాలావరకు ఫంక్షన్ హాళ్లయ్యాయి, కొన్ని ఎరువుల గోదాములయ్యాయి, మిగిలినవి నేలమట్టమయ్యాయి. కాగితాలు దొరకవు. ఫోటోలైతే దొరుకుతాయి. జనం సినిమా హాలు ముందు నిలబడి ఫోటో దిగారు, పెళ్లి ఊరేగింపులు హాలు ముందు నుంచే పోయాయి. వాటిని పోగేసి, ఏది ఏ ఊరి హాలో తేల్చి, వివరం రాయడం నా పని. ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చిన ఉద్యోగం రిటైరయ్యాకే దొరికింది.

మూడో మనిషి కండక్టరు. పినపాక వైపు అడవి పల్లెలో కోయ కుటుంబంలో పుట్టి, ఆ దారుల్లోనే బస్సులో తిరిగి తిరిగి రిటైరయ్యాడు. ఏ ఊళ్లో ఎవరింట్లో ట్రంకుపెట్టె ఉందో, ఆ పెట్టె తాళం ఎవరి దగ్గరుందో అతనికి తెలుసు. "నా సర్వీసుల ఎన్ని మొఖాలు చూసిన్నో లెక్కలేదు సారూ. గుర్తున్నయి మాత్రం టికెట్ తీయకుండ దిగినోళ్లవే" అనేవాడు.

హాళ్లను గుర్తుపట్టడానికి నాకొక పద్ధతి ఉండేది. మనుషులను చూడకు, తలుపులు చూడు. మనుషులు ఏ ఊళ్లోనైనా అలాగే ఉంటారు. తలుపులు, మెట్లు, టికెట్ కిటికీ, పైకప్పు రేకు వాలు మాత్రం ఒక్కో హాలుకు ఒక్కోలా ఉంటాయి. ఈ పద్ధతి మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. మేడం దాన్ని భరించేది.

ఈ పద్ధతిలో మాకు బాగా పనికొచ్చిన జత ఒకటుంది. ఒకే యజమాని రెండు హాళ్లు కట్టించాడు. ఒకటి మణుగూరు దిక్కున, గోదావరి ఒడ్డు ఊళ్లో ఎత్తు మీద. దానికి ఎక్కువ మెట్లుండటంతో జనం మెట్ల టాకీసు అన్నారు. రెండోది కుసుమంచి దిక్కున, ఖమ్మం రోడ్డు మీద. అదే ప్లాను, అదే మేస్త్రీ, అవే మెట్లు. కాకపోతే రెండో చోట స్థలం తీరు వేరు కాబట్టి ప్లానును తిరగేసి కట్టించాడు. మెట్ల టాకీసులో ఆడవాళ్ల తలుపు ఎడమన, ఏటి పక్కన. కుసుమంచి దిక్కు హాల్లో ఆడవాళ్ల తలుపు కుడిన. ఫోటో చూడగానే చెప్పేయొచ్చు. మేము చెప్పేసేవాళ్లం కూడా.

ఆ శనివారం ఒక గ్రంథాలయం పై గది అడిగి తీసుకుని, పాత సినిమా హాళ్ల ఫోటోలున్నవాళ్లు తీసుకురండి, స్కాన్ చేసి వెంటనే ఇచ్చేస్తాం అని ఊళ్లో చెప్పించాం. ముసురు వల్ల జనం పలుచన. కండక్టరు కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయే బస్సులకు మార్కులు వేస్తున్నాడు. అప్పుడు నర్సమ్మ తల్లిని మెట్లెక్కించి తీసుకొచ్చింది. తల్లి మెట్టుకొకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటోంది.

"ఫోటో తెచ్చారా అమ్మా?" అన్నాను.

"లేదు సార్. మీ దగ్గరేమన్న ఉందా అని అడగనీకొచ్చినం" అంది కూతురు.

"మంచిగుంది" అన్నాడు కండక్టరు. "తెమ్మంటే అడగొచ్చిన్రు. కూసోండి, చాయ్ తాగి అడగండి."

తల్లికి అరవై దాటి ఉంటాయి. తెల్ల చీర, మెడలో సన్నటి గొలుసుకు చిన్న శిలువ. చాయ్ ముట్టకుండానే మొదలుపెట్టింది.

"మా ఆయన వడ్రంగి సారూ. ఏటి ఒడ్డునే కిరాయికుంటిమి. ఎనభై ఆరు వరదల మా వాడ మొత్తం మునిగింది. అందరం మెట్ల టాకీసులకు ఎక్కినం. నేను నిండు చూలాలు. బొమ్మేసే మిషిన్ రూం తలుపు తీసి నన్ను అండ్ల పండవెట్టిన్రు. గీ పిల్ల ఆడనే పుట్టింది."

"అందుకే చిన్నప్పుడు బళ్లె అందరు నన్ను టాకీసు అని పిలిచేటోళ్లు" అంది కూతురు.

"పిలుస్తరు మరి. ఆటకు పోతే మధ్యల లేచి రాకపోయేటిదానివి." తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. "పుట్టినంక నాకు జ్వరం సారూ. ఒళ్లు తెల్వది. పాలు లేవు. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఆడ ఒకామె ఉండె. అడివి ఊరామె. సంతకొచ్చి నీళ్లల్ల చిక్కింది. సంకల పాలు తాగే కొడుకు. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. అడగలే, చెప్పలే. నా పక్కలకెల్లి పిల్లను తీస్కున్నది. తన కొడుకును ఒక దిక్కు, నా పిల్లను ఒక దిక్కు పట్టుకున్నది. పడవలొచ్చేదాక అట్లనే."

"తర్వాత కలిశారా?" అంది మేడం.

"ఏడ? రోగులను ముందు ఎక్కియ్యాలె అని నన్ను మోసుకపోయిన్రట. ఆమె చేతులల్లకెల్లి పిల్లను తీసి మా ఆయన చేతులల్ల పెట్టిన్రట. నాకు తెలివొచ్చేసరికి దవాఖానాల ఉన్న. ఆమె పేరు అడిగినోళ్లు లేరు. పినపాక దిక్కు అని మా ఆయన అంటుండె. ఆయన పోయిండు. గుడి దగ్గర నవమికి అడివి నుంచి జనమొస్తరు గద, ఏటేటా పోయి నిలబడేదాన్ని. మేము చర్చోళ్లం, నీకు నవమి తోని ఏం పని అని మా పాస్టరమ్మ నవ్వేది. నేను దేవుని చూడనీకి పోలే, మొఖాలు చూడనీకి పోయిన."

కూతురు గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. తల్లికి వచ్చే వారం హైదరాబాదులో గుండె ఆపరేషన్. అది అయ్యేలోపు ఆ మనిషిని ఒక్కసారి చూడాలని పట్టుబడుతోంది.

"మొఖం గుర్తుందా అమ్మా?" అన్నాను.

"ఇంతకుముందు ఉండె. ఇప్పుడు మరుస్తున్న సారూ. గదే నా భయం. ఎవరికి మొక్కాలె నేను?"

మేడం మెట్ల టాకీసు కవరు తీసి బల్ల మీద పరిచింది. ఏడెనిమిది ఫోటోలు. మంచి ఫోటోలే, నిటారైన గోడలు, శుభ్రమైన మెట్లు, తలుపులు. మనుషులు లేరు. నా పద్ధతికి సరిపోయినవన్నీ ఏరి పెట్టుకున్నాం మరి. ఆమె ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి కింద పెట్టింది. ఆ వరుస అయ్యేసరికి ఆమె చేతులు ఒళ్లోకి వెళ్లిపోయాయి.

ఇక లేస్తారనుకున్నాను. బల్ల చివర కుసుమంచి దిక్కు హాలు కవరు తెరిచి ఉంది. అందులో పైనున్న ఫోటో మాకు ఇష్టమైనది. ప్రదర్శనలో నిలువెత్తున పెట్టాలనుకున్నాం. మెట్ల నిండా జనం. ఒక మూతపడ్డ స్టూడియో వాళ్లింట్లో రేకు డబ్బాలో దొరికింది. పేరు బోర్డు ఫ్రేములో పడలేదు, గోడ మీద పోస్టరు ఒక్కటీ లేదు, అయినా ఆడవాళ్ల తలుపు కుడివైపుంది కాబట్టి ఏ హాలో మాకు సందేహం రాలేదు. 'తొలి ఆట నాటి జనసందోహం' అని నేనే రాసి పెట్టాను. జనం పక్కన మూటలు, గిన్నెలు, ఒక ట్రంకుపెట్టె ఉన్నాయి. సినిమాకు ట్రంకుపెట్టె ఎందుకు తెస్తారని ఒకరోజు అనుమానం వచ్చింది. జాతర నుంచి నేరుగా వచ్చి ఉంటారని మేడం, పక్క ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చి ఉంటారని నేను సరిపెట్టుకున్నాం. చదువుకున్నవాళ్లం ఇద్దరం కూర్చుంటే ట్రంకుపెట్టెకైనా కారణం చెప్పగలం.

పెద్దామె ఆ ఫోటో లాక్కున్నంత పనిచేసింది.

"గీయనెవరు? అచ్చం మా ఆయన లెక్కనే ఉన్నడు."

కూతురు వంగింది. "నాయినేనా?"

ఆమె ఫోటోను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టింది. మళ్లీ తెచ్చుకుంది. "కాదే. ఆయనకు కనుబొమ్మ మీద గాటు ఎడమ దిక్కుండె. బాడిస తగిలింది. నేనే పసుపు పెట్టి కట్టిన. ఈయనకు కుడి దిక్కున్నది. ఎవరో మరి."

"అది ఈ దిక్కు హాలు కాదమ్మా" అంది మేడం మెల్లగా. "కుసుమంచి అవతల. అక్కడ వరద రాదు."

ఆమె ఫోటోను కవరు మీద పెట్టి, తప్పు చేసినదానిలా దాన్ని అంచులకు సరిచేసింది. కూతురు గొడుగు తీసుకుంది.

మిగతాది తెలివితేటల వల్ల జరగలేదని పిల్లలకు ముందే చెబుతున్నాను. నేను లేచి పెన్ను జేబులో పెట్టుకున్నాను. మూత పెట్టడం మరిచిపోయాను. మేడం ఎప్పటిలా అంది: "సార్, చొక్కా! ఇవాళ ఇంట్లో ఏం చెప్తారు?"

తల వంచి చూసుకున్నాను. జేబు అడుగున, గుండె మీద, నీలం మరక. ఎడమవైపు. కండక్టరు నవ్వుతున్నాడు. అతని జేబూ ఎడమవైపే. దర్జీ కుట్టిన ఏ చొక్కాకైనా జేబు అటే ఉంటుంది. ఫోటో బల్ల మీదే ఉంది. మెట్ల మీద చొక్కా వేసుకున్న మగవాళ్లను చూశాను. ఒకతని జేబు కుడివైపుంది. పక్కతనిదీ అంతే. బీడీ కట్ట కనిపిస్తున్న ముసలాయనదీ కుడివైపే.

"అమ్మా, వెళ్లకండి" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

నెగటివ్‌కు రెండు ముఖాలుంటాయి. ఒకటి మెరుస్తుంది, ఒకటి మెరవదు. చీకటి గదిలో దాన్ని తిరగేసి పెట్టి ప్రింటు తీస్తే అంతా అద్దంలో బొమ్మలా వస్తుంది. అక్షరాలు కనిపిస్తే ఎవరైనా పట్టేస్తారు. కనిపించకపోతే ఎడమ కుడైపోయినా లోకానికి తెలియదు. నా ఉద్యోగమంతా చీకటి గదుల్లో గడిపిన నేను తలుపులు చూస్తూ కూర్చున్నాను. మేడం ఆ ఫోటో స్కాన్‌ను కంప్యూటర్లో తెరిచి, తిప్పింది. ఒక్క నొక్కు. ఆడవాళ్ల తలుపు ఎడమకు, ఏటి పక్కకు వచ్చింది. జేబులన్నీ గుండెల మీదికొచ్చాయి. మూటలు, గిన్నెలు, ట్రంకుపెట్టె ఎందుకున్నాయో ఇప్పుడు కారణం వెతకనక్కర్లేదు.

పెద్దామె తెరకు దగ్గరగా జరిగింది. భర్తను చూసి ఏడుస్తుందనుకున్నాను. "ఎట్ల నిలబడ్డడో చూడు, పెళ్లికొచ్చినట్టు" అని కసిరింది. తర్వాత ఆమె వేలు అతన్ని దాటి, మెట్ల మీదుగా పైకి, ఆడవాళ్ల తలుపు దాకా పోయి ఆగింది.

గడప పక్కన గోడకు ఆనుకుని ఒకామె కూర్చుని ఉంది. చిన్న వయసు, నుదుటి మీద పచ్చబొట్టు. చీర కొంగు కింద రెండు పక్కలా రెండు తలలు. ఒకటి గుండ్రంగా, జుట్టుతో. రెండోది మరీ చిన్నది, పిడికిలంత. కెమెరా వైపు చూడటం లేదు. ఆ చిన్న తల వైపు చూస్తోంది.

మేము ఆ ఫోటోను నెలల తరబడి చూశాం. ఆమెను ఒక్కరమూ చూడలేదు.

"అవ్. గామెనే" అంది పెద్దామె. నర్సమ్మ ఆమె కుర్చీ వెనక నిలబడి, రెండు భుజాల మీద చేతులు వేసి, తెర వైపే చూస్తోంది. రోజుల పసికందుగా ఉన్నప్పటి తన ఫోటో నర్సమ్మ చూడటం అదే మొదలు.

కండక్టరు హాస్యాలు మానేశాడు. పాలిచ్చిన ఆమె ముఖాన్ని తెర మీద పెద్దది చేయించి ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. "నాకు తెల్వదమ్మా, తెలుసని అబద్ధం చెప్పను. మావోళ్లను అడుగుత" అని, కోయ మాటల్లో ఒక పెద్ద సందేశం చెప్పి, తన ఊరి వాట్సాప్ గుంపుకూ అటు పక్క ఊళ్లకూ పంపాడు. మాకు అర్థమైన మాటలు రెండే: టాకీసు, వరద.

ఇక ఎదురుచూడటమే. పెద్దామె ఇంటికి పోనంది. మధ్యాహ్నం అందరం గదిలోనే పులిహోర పొట్లాలు తిన్నాం. కండక్టరుకు సమాధానాలు వస్తున్నాయి: ఈమె మా ఊరామె కాదు, ఫోటో ఎక్కడిది, మా తాత ఫోటో ఏమైనా ఉందా. మేడం ప్రదర్శన జాబితాలో ఆ ఫోటోకు నేను రాసిన వాక్యాన్ని కొట్టేసి, నా వైపు చూడకుండా కొత్త కాగితం నా ముందుకు జరిపింది. అందులోనే ఆమె మంచితనం ఉంది. ఈ పని నేనొక్కణ్ణే చేస్తుంటే ఆ ఫోటో ఇప్పటికీ కుసుమంచి దిక్కు కవరులోనే ఉండేది. నాతో పనిచేసినవాళ్లకు నేను రుణపడని రోజు నా డైరీల్లో వెతికినా దొరకదు.

సాయంత్రం గది తాళం వేసే వేళకు కండక్టరు ఫోన్ మోగింది. అతను కోయలో నాలుగు మాటలు మాట్లాడి, మాకు వినిపించేలా పెట్టాడు. అవతల ఒక మగ గొంతు తెలుగులోకి మారింది.

"సారూ, మా అమ్మనే. మా మేనమామ గుర్తువట్టిండు. మా అమ్మ పోయి చానేండ్లయింది. మా ఇంట్ల ఆమె పోటో ఒక్కటి లేదు. గియ్యాల చూసిన. నాకొక్కటి చెప్పు సారూ. ఆ పిల్ల బతికిందా?"

కండక్టరు ఫోన్‌ను నర్సమ్మ వైపు జరిపాడు.

"మా అమ్మ పోయేదాక గదే అడిగేది. గింతంత పిల్ల, పడవల ఇడిసిన, బతికిందో లేదో అనేది. ఎవరన్న ఏటి దిక్కుకెల్లి వస్తే అడిగేది. బతికిందా సారూ?"

నర్సమ్మ ఫోన్ తీసుకుంది. "బతికిన అన్నా. నేనే మాట్లాడుతున్న."

పెద్దామె మెల్లగా, తనలో తాను అన్నట్టుగా అంది: "నేనొక్కదాన్నే ఎతుకుతున్న అనుకున్న."

మర్నాడు ఆదివారం. ముసురు తెరిపి ఇచ్చింది. మొదటి బస్సుకు ఆ ఫోన్లో మాట్లాడినతను వస్తానంటే అందరం బస్టాండుకు పోయాం. పెద్దామె చర్చికి కట్టుకునే జరీ అంచు చీర కట్టుకుంది. రాత్రి మేడం ఒక స్టూడియోలో కడిగించిన ఫోటోను, సరైన వైపు ఉన్నదాన్ని, కవరులో పెట్టుకుని పట్టుకుంది. బస్సు దిగినవాళ్లలో అతనెవరో మాకు తెలియదు. అతనికే తెలిసింది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, చేతిలో బోడకాకరకాయల సంచి. నేరుగా నర్సమ్మ దగ్గరికొచ్చి నిలబడి, తల నుంచి కాళ్ల దాకా చూశాడు.

"మంచిగ పెరిగినవ్" అన్నాడు.

"మీ అమ్మ పాలు" అంది ఆమె. నవ్వబోయి ఏడ్చింది.

ఫోటో ఇస్తే అతను పచ్చబొట్టు మీద వేలు పెట్టి చూశాడు, తన గుండ్రటి తలను చూడనే లేదు. పెద్దామె అతని రెండు చేతులు పట్టుకుని ఏదో చెప్పబోయింది. ఇన్నేళ్లు దాచుకున్న మాట. అతను ఆపాడు.

"నాకు గాదు పెద్దమ్మా. నాకు చెప్పి ఏం లాభం? మా ఊరి బయట అమ్మకు రాయి పాతినం. ఆడికి రాండ్రి. ఈమెను ఆడ నిలబెట్టాలె. ఇగో, బతికింది అని చెప్పాలె. నేను గందుకే వచ్చిన."

"అమ్మ అంత దూరం రాకూడదన్నా, వచ్చే వారం ఆపరేషన్ ఉన్నది. డాక్టరు..." నర్సమ్మ ఇంకా చెబుతూనే ఉంది. తిరుగు బస్సు ప్లాట్‌ఫారం మీదికొచ్చింది. పెద్దామె మాట వినలేదు. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ, ఎవరి చేయీ అడగకుండా ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. వాళ్లిద్దరూ వెనకాల ఎక్కారు. కూతురు సంచిలోంచి మాత్రలు తీసి చూసుకుని, ఇక వాదించడం మానేసింది.

మేము ముగ్గురం కింద నిలబడ్డాం. ఆ బస్సు కండక్టరమ్మ టికెట్లు కొడుతూ వాళ్ల దగ్గరికొచ్చింది. ఆడవాళ్లకు డబ్బుల్లేని జీరో టికెట్లు రెండు చింపి, అతనికి టికెట్ ఇస్తూ, పెద్దామె జరీ చీర చూసి అడిగింది.

"ఎవరింట్ల పెండ్లి అమ్మా?"

"పెండ్లి కాదు బిడ్డా" అంది పెద్దామె. "పిల్లను చూపియ్యను పోతున్నం."

కండక్టరమ్మ సీట్ల మధ్య ఎక్కడైనా చంటిపిల్ల ఉందేమోనని వెతుక్కుంది. బస్సు కదిలింది.